మూడువేల డెబ్బైతొమ్మిది

ఓబులమ్మ ఇంట్లో ‘పోతా’ అనే మాట ఎవరూ అనకూడదు. చుట్టమైనా, పాలుపోసే మనిషైనా గడప దిగేటప్పుడు ‘పోయొస్తా’ అనవలసిందే. పొరపాటున ఎవరైనా ‘ఇంక పోతా’ అన్నారంటే వాళ్లను వెనక్కి పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, గుక్కెడు మంచినీళ్లు తాగించి, మాట మార్చి చెప్పించిగాని పంపేది కాదు. ఉదయగిరిలో ఆ వీధి వాళ్లందరికీ ఇది తెలుసు. కొందరు నవ్వుకునేవాళ్లు. నవ్వుకున్నా నీళ్లు తాగి, చెప్పవలసిన మాట చెప్పే దిగేవాళ్లు.

దానికి కారణం ఆమె అన్న తిరుపాలు. ఓబులమ్మ పుట్టిల్లు ఆత్మకూరు. తిరుపాలు లారీ తోలేవాడు. డెబ్బైరెండులో ఒకరోజు పొద్దున, బయట లారీ హారన్ కొడుతుంటే, సద్దన్నం సగంలో వదిలేసి “పోతున్నా మా” అని అరిచి పరుగెత్తాడు. “పోతున్నా అనబాకరా, పోయొస్తా అను” అని తల్లి గుమ్మంలోకి వచ్చేసరికే లారీ సందు మలుపు తిరిగింది. మూడో రోజు గూడూరు నుంచి తంతి వచ్చింది. అందులో ఉన్నది ఇంగ్లీషు. తెచ్చిన పోస్టుమాన్ షంషుద్దీన్ దాన్ని రెండుసార్లు తనలో తాను చదువుకొని, తలెత్తకుండానే తెలుగులో ఒక్క మాట చేసి చెప్పాడు.

“పోయినాడు.”

పోవడమంటే వెళ్లడమూ అదే, చావడమూ అదే. ఒకే మాటకు రెండు వాకిళ్లు. తిరుపాలు ఒక వాకిట్లోంచి పోతానని చెప్పి రెండో వాకిట్లోంచి పోయాడు. అప్పటినుంచి ఓబులమ్మకు ఆ మాటంటే భయం.

ఏడాది తిరిగాక ఆమెను ఉదయగిరికి ఇచ్చారు. పెళ్లికొడుకు పెంచలనరసయ్య ఎయిర్‌ఫోర్సులో చిన్న ఉద్యోగి. బెంగుళూరు అవతల ఏదో ట్రైనింగ్ సెంటర్‌లో పని. తండ్రి లేడు. తల్లి గురవమ్మ బస్టాండు పక్కన తక్కెడ పెట్టుకొని చింతపండు అమ్మేది. అమ్మేది చింతపండే గాని ఆమె చెప్పేదంతా కొడుకు సంగతే.

“మా నరసడు విమానంలో ఉండాడు. పదివేల అడుగులు పోతాడు. ఆడినుంచి చూస్తే మన కొండ ఇడ్లీ అంత ఉంటాదంట” అని వీశె తూచేలోపల కొనేవాళ్లకు వినిపించేది.

సెలవుకొచ్చినప్పుడు జనం నరసయ్యను చుట్టుకునేవాళ్లు. అందరికంటే ముందు రసూల్ వచ్చేవాడు. రసూల్ పక్కింటివాడు, నరసయ్యతో కలిసి చదివినవాడు. కొండమీంచి నర్దిచెక్క తెచ్చి గరిటెలు, చెంచాలు చెక్కడం వాళ్ల ఇంటి పని.

“ఏరా, ఈసారి ఎంత ఎత్తు పోయినావు?” అని అడిగేవాడు రసూల్.

“పన్నెండు వేలు.”

“చలేస్తాదా?”

“వెయ్యదు” అని నరసయ్య మాట మార్చేసేవాడు. గొప్ప చెప్పుకోవాల్సినచోట మాట మార్చే మనిషిని చూస్తే ఓబులమ్మకు ముచ్చటేసేది. అణకువ కలవాడనుకునేది. అతను సెలవైపోయి వెళ్లేటప్పుడు మాత్రం ‘పోయొస్తా’ అని మూడుసార్లు చెప్పించేది. ఆ తర్వాత విమానం చప్పుడు వినిపించినప్పుడల్లా చేతిలో పని వదిలేసి పెరట్లోకి వచ్చి, అది కొండ దాటి కనుమరుగయ్యేదాకా చూసేది. ఊరందరికీ అది విమానం. ఆమెకు మాత్రం అది సందు మలుపు తిరుగుతున్న లారీ.

డెబ్బైఆరులో, ఎండలు ముదరకముందు, ఒక గురువారం నరసయ్య దగ్గరనుంచి జాబు వచ్చింది. ఓబులమ్మకు చదువు రెండో తరగతి దాకానే. అచ్చక్షరాలు కూడబలుక్కుంటుంది గాని చేతిరాత అంతుపట్టదు. జాబులన్నీ రెబెకమ్మ టీచరే చదివి పెట్టేది. ఆమె మిషన్ బడిలో పాఠం చెబుతుంది. జాబును కూడా పాఠంలాగే, ప్రతి చుక్క దగ్గరా ఆగి చదువుతుంది. ఆ రోజు సాయంత్రం బడి విడిచాక అరుగు మీద కూర్చొని కళ్లజోడు పెట్టుకుంది. పక్కన గురవమ్మ. ఎదురుగా గరిటె చెక్కుకుంటూ రసూల్.

“చిరంజీవి సౌభాగ్యవతి ఓబులమ్మకు నీ భర్త వ్రాయునది. ఇచట నేను క్షేమము. అచట అమ్మ, నీవు క్షేమమని తలచుచున్నాను.”

“చల్లగా ఉండాలి” అంది గురవమ్మ.

“ఈ వారం మాకు పని ఎక్కువగా ఉండాది. ట్రైనింగుకు వచ్చినవాళ్లలో ముగ్గురు...” రెబెకమ్మ ఆగింది. చుక్క లేకుండానే ఆగింది.

“ముగ్గురు?” అన్నాడు రసూల్.

“ముగ్గురు మన ఉదయగిరి కొండకే గుద్దుకొని పోయినారు. ఒకడు మూడువేలు పెట్టుకుంటే చాలనుకున్నాడు. మన కొండ మూడువేల డెబ్బైతొమ్మిది అడుగులని నేను ముందే చెప్పినాను. వినలేదు. మా ఆఫీసరు ఒకటే నవ్వు. రేపు నన్ను కూర్చోమన్నాడు. రేపు నా వంతు. అమ్మను కొత్త చింతపండు తేమ లేకుండా ఎండబెట్టమని చెప్పు. ఉంటాను.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. రసూల్ చేతిలో గరిటె పక్కన పెట్టాడు.

“ముగ్గురు చస్తే ఆఫీసరు నవ్వినాడా?” అన్నాడు రసూల్ మెల్లగా.

“మన కొండకా?” అంది గురవమ్మ. “బెంగుళూరు యాడ, మన కొండ యాడ!”

“విమానానికి దూరమేముందవ్వా, గంటలో వస్తాది.”

“ఎప్పుడు రాసినాడు?” అని అడిగింది ఓబులమ్మ.

రెబెకమ్మ జాబు మడత తిప్పి తేదీ చూసింది. “పదకొండు దినాలైంది.”

రేపు నా వంతు అని రాసిన ఆ రేపు పదిరోజుల కిందటే అయిపోయింది. ఓబులమ్మ ఏడవలేదు. జాబు చేతిలోకి తీసుకొని ‘పోయినారు’ అన్న మాట ఎక్కడుందో చూపించమంది. రెబెకమ్మ వేలితో చూపించింది. చేతిరాత చదవలేని ఓబులమ్మ ఆ ఒక్క మాటను మాత్రం గుర్తు పట్టేదాకా చూసింది.

తెల్లవారేసరికి ఉదయగిరికంతా ఒకటే కబురు, కొండమీద విమానం పడిందని. కిందటి వారం ఉరిమిందని ఒకడన్నాడు. ఉరుము కాదు అదే ఇది అని ఇంకొకడన్నాడు. మేకలు బెదిరాయని ఎవరో అంటే, పొగ చూశామని చెప్పేవాళ్లు కూడా తయారయ్యారు. పాతసామాన్లు కొనే ఇద్దరు గోనెసంచులు భుజాన వేసుకొని అందరికంటే ముందు కొండదారి పట్టారు. విమానం రేకు మంచి గిరాకీ సరుకు మరి.

“నేను మంగళారం చెక్క కోసం ఎక్కినాను. ఏమీ లేదు” అని రసూల్ ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు.

“కొండకు నువ్వు పోయిన పక్కొకటేనా? అవతలి పక్క చూసినావా?” అన్నారు.

అవతలి పక్క చూడలేదు. అందుకని ఓబులమ్మ తానే వస్తానంది. ఇరవై మందిదాకా కలిసి ఎక్కారు. పైన రాతి మెట్లు, కూలిన కోటగోడలు, పాడుబడ్డ మసీదు. ఎండెక్కేకొద్దీ రాయి కాళ్లను కాల్చింది. ఓబులమ్మ ముందెప్పుడూ అంత ఎత్తు ఎక్కలేదు. దారిలో ఒకడు పొద చాటునుంచి మెరిసే రేకొకటి ఎత్తి “ఇదిగో రెక్క!” అని కేక పెట్టాడు. అందరూ పరుగెత్తారు. గొర్రెలకాపరి పారేసిన సత్తుగిన్నె అది. నవ్వాలో వద్దో తెలియక ఓబులమ్మ మొహం చూసి ఊరుకున్నారు.

పైకెక్కి నాలుగువైపులా చూశారు. లోయలో అడవి అడవిలాగే ఉంది. చెట్టు విరగలేదు, బండ మసిబారలేదు. మధ్యాహ్నందాకా వెదికి రసూల్ ఆమె దగ్గరకు వచ్చి తలపాగా విప్పి చెమట తుడుచుకున్నాడు.

“చూసినావు గదా చెల్లెమ్మా. ఈడ ఏ విమానమూ పళ్లేదు.”

“ఈడ పళ్లేదు” అంది ఓబులమ్మ. “మరి యాడ పడింది అన్నా?”

కిందికి దిగగానే పోస్టాఫీసుకు వెళ్లారు. ట్రంకు పెట్టె అడుగున నరసయ్య తన ఆఫీసు ఫోన్ నంబరు రాసి ఉంచిన కాగితముంది, అవసరం పడితే చేయమని. కానీ ఉదయగిరి ఫోను లైను మూడు రోజులుగా పలకడం లేదట. ఆత్మకూరు పోతే దొరుకుతుందన్నారు.

మర్నాడు పొద్దున బస్సుకు ఓబులమ్మ, గురవమ్మ, తోడుగా రసూల్ బయలుదేరారు. దారి పొడుగునా గురవమ్మ గొణుగుతూనే ఉంది.

“అంత ఎత్తు పోయేవోడు కొండను చూసుకోడా? పదివేలు పోయేవోడికి మూడువేలొక లెక్కా?”

“ఊరుకో అవ్వా” అన్నాడు రసూల్.

“నేనెందుకూరుకుంటా? నా కొడుకు గద్దలాంటోడు. గద్ద యాడన్నా కొండకు గుద్దుకుంటాదంట్రా?”

ఆత్మకూరు ఓబులమ్మకు పుట్టిన ఊరు. ఆ పోస్టాఫీసు గుమ్మం ముందు మాత్రం ఆగిపోయింది. తిరుపాలు తంతి ఇంటికి చేరింది అక్కడినుంచే. లోపల బల్ల దగ్గర ఉత్తరాలు వేరుచేస్తున్న మనిషి తలెత్తి ఆమెను చూశాడు. షంషుద్దీనే. గడ్డం తెల్లబడింది. చేతిలోని ఉత్తరాలు బల్లమీద పెట్టి లేచి నిలబడ్డాడు.

“తిరుపాలు చెల్లెలివి గదా తల్లీ?”

“అవును సాయిబూ.”

సంగతంతా రసూల్ చెప్పాడు. షంషుద్దీన్ కాగితం అందుకొని లోపలికి వెళ్లి, అర్జంటు కాల్ రాయించాడు. ఫలానా మనిషే వచ్చి మాట్లాడే పీపీ కాల్. వచ్చి వాళ్లను బెంచీ మీద కూర్చోమన్నాడు. కూజాలో నీళ్లు ముంచి ఇచ్చాడు. తను మాత్రం కూర్చోలేదు. ఉత్తరాలు తీస్తాడు, పెడతాడు, ఫోను వైపు చూస్తాడు. ఆ రోజు ఆ మాట ఆ ఇంటికి చెప్పిన నోరు తనదే. మళ్లీ అదే మాట ఆ పిల్లకే చెప్పవలసి వస్తుందేమోనని ఆయన భయం.

రెండు గంటలు గడిచాయి. రెండుసార్లు ఫోను మోగింది, రెండుసార్లూ వేరే ఎవరికో. మూడోసారి మోగినప్పుడు షంషుద్దీన్ ఎత్తి, విని, చెయ్యి ఊపాడు.

“బెంగుళూరు! రా తల్లీ, ఇట్ట పట్టుకో. ఇది చెవికి, ఇది నోటికి.”

ఓబులమ్మ పట్టుకుంది. లోపల వాగు పారుతున్నట్టు గరగరమంటోంది. దూరంగా ఎక్కడినుంచో ఒక గొంతు.

“హలో! ఎవరు? హలో!”

ఆ గొంతు ఎవరిదో తెలిసింది. తెలిసినా నమ్మకం చాల్లేదు. అందుకని ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇదీ:

“ఏమయ్యా, నువ్వు పోయినావా?”

అవతల కాసేపు గరగర. తర్వాత నరసయ్య గొంతు, పెద్దగా, ఉత్సాహంగా:

“ఆఁ, పోయినాను! నాలుగుసార్లు పోయినాను!”

ఓబులమ్మ ఫోను చెవినుంచి తీసి దానివంక చూసి, మళ్లీ చెవికి పెట్టుకుంది.

“నాలుగుసార్లా?”

“నాలుగుసార్లూ మన కొండకే! ఐదోసారి దాటినానులే. నీకెట్ట తెలిసింది? ఏంది, అమ్మకు బాగాలేదా? ఫోనెందుకు చేసినావు?”

“నువ్వు బతికుండావా?”

ఈసారి అతని గొంతు చిన్నదైపోయింది. చిన్నగా మాట్లాడితే వినబడదని మళ్లీ పెద్దది చేసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత చెప్పిందంతా అరిచే చెప్పాడు.

“ఓబులా, అది నిజం విమానం గాదు! పెట్టె! నేలకు బోల్టులేసి బిగించిన పెట్టె! లోపల సీటు, అంకెలు చూపించే ముళ్లు, మీటలు అన్నీ విమానంలో ఉన్నట్టే ఉంటాయి. గుద్దుకుంటే ఎర్రదీపం వెలుగుతాది, అంతే! లేచి బయటికొచ్చి టీ తాగుతాం!”

“ఆ ముగ్గురూ?”

“ఇప్పుడే క్యాంటీన్లో ఇడ్లీ తింటా ఉండారు!”

“మరి నువ్వు పదివేల అడుగులు పోయేది?”

“ముల్లు చూపిస్తాది పదివేలని. నేను నేలమీదే ఉంటా. నేనెప్పుడూ విమానం ఎక్కలేదు ఓబులా. ఆ పెట్టె రిపేరు చేస్తా, అంతే. మా అమ్మ చెప్పుకుంటా ఉంటే కాదనేదానికి నోరు రాలేదు. నీకన్నా చెప్పాల్సింది.”

ఓబులమ్మ గోడకు ఆనుకుంది. మూడేళ్లుగా ఆకాశంలో చప్పుడైనప్పుడల్లా వదిలేసిన పనులన్నీ గుర్తొచ్చాయి. మాడిన అన్నాలు, పొంగిన పాలు, బావిలో జారిన చేద. వాటిలో ఒక్క విమానంలోనూ ఈయన లేడు. కింద ఎక్కడో పెట్టెలో కూర్చొని ఇడ్లీల టైము చూసుకుంటూ ఉన్నాడు.

“నేలమీదే ఉండావా?” అంది.

“నేలమీదే.”

“ఎప్పుడూ నేలమీదేనా?”

“ఎప్పుడూ.”

“అబ్బ!” అంది ఓబులమ్మ. ఆ ఒక్క ‘అబ్బ’తో ఊపిరంతా వచ్చేసింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుపులోనే నవ్వొచ్చింది. అతనింకా ఏదో చెబుతుండగానే మూడు నిమిషాలూ అయిపోయి లైను తెగిపోయింది.

షంషుద్దీన్ బల్ల అంచు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆమె మొహంలో నవ్వేదో ఏడుపేదో ఆయనకు తెలియలేదు.

“ఏమైంది తల్లీ? ఏమంటాడు?”

ఓబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాలుగేళ్ల కిందట ఆ మనిషి చెప్పిన మాటే నోటిదాకా వచ్చింది. దానికి తోకొకటి తగిలించి చెప్పింది.

“పోయొచ్చినాడంట సాయిబూ. నాలుగుసార్లు పోయొచ్చినాడంట.”

షంషుద్దీన్ బెంచీ మీద కూలబడ్డాడు. “యా అల్లా” అని కళ్లు మూసుకొని, అందాకా ఓబులమ్మ ముట్టని నీళ్లగ్లాసు ఎత్తి తనే తాగేశాడు.

గురవమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకొని అడిగింది. “ఆ అరుపులన్నీ నాకూ వినబడ్డాయిలే. విమానం ఎక్కలేదా వాడు? ఒక్కసారన్నా?”

“ఎక్కలేదంట అత్తా.”

“ఎంత మోసం! ఇన్నేళ్లు నాతో అబద్ధం చెప్పించినాడు ముండాకొడుకు!”

“బతికుండాడు గదా అవ్వా” అన్నాడు రసూల్ నవ్వాపుకోలేక.

“బతికుంటే మాత్రం? బస్టాండులో నా మొహం యాడ పెట్టుకోవాల?”

పోస్టాఫీసులో కేకలు పెట్టి మాట్లాడిన మాట దాగదు. రసూల్ అసలే ఆగడు. రెండ్రోజుల్లో ఉదయగిరిలో నరసయ్యకు ‘నేలవిమానం’ అని పేరు పడింది. చింతపండుకు వచ్చినవాళ్లు “ఏమవ్వా, మీవోడు ఈరోజు ఎన్ని అడుగులు?” అని అడిగితే గురవమ్మ రాయి విసిరినంత పని చేసేది. ఓబులమ్మను బావి దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించారు.

“మీ ఆయన నేలమీదే ఎగురుతాడంట గదా?”

“అవును. నేలమీద చచ్చేవోడు సాయంత్రానికి ఇంటికొస్తాడు” అని చేద పైకి లాగేది. ఆ తర్వాత వాళ్లకు ఎత్తిపొడవడానికి ఏమీ మిగిలేది కాదు.

రెండు నెలలకు నరసయ్య సెలవుకొచ్చాడు. బస్టాండులో దిగకుండా ఊరి మొదట్లోనే దిగి పెరటిదారిన వచ్చాడు. వచ్చినా రసూల్ కంట్లో పడనే పడ్డాడు.

“ఏరా, విమానం దిగిందా? చక్రాలకు మన్నంటిందా?”

నరసయ్య తలొంచుకొని లోపలికి వచ్చాడు. ఓబులమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. గురవమ్మ పలకరించలేదు. మర్నాడూ పలకరించలేదు. పొద్దున్నే తక్కెడ తీసుకొని బస్టాండుకు బయలుదేరుతుంటే నరసయ్య వెళ్లి తల్లి ఎదుట కూర్చున్నాడు.

“అమ్మా, ఒక్కటడుగుతా. పొద్దున్నే వట్టి తక్కెడ ఎత్తి చూస్తావు గదా, ఎందుకు?”

గురవమ్మ మాట్లాడకూడదనుకుంది. తక్కెడ సంగతి అడిగితే మాత్రం ఆమె ఊరుకోలేదు.

“పాసంగం చూసుకునేదానికి. ఒక సిబ్బి దిగుతా ఉంటే రెండో దానికి గింజ కట్టాల.”

“కట్టకుండా తూస్తే?”

“పొద్దుగూకిందాకా తూసిందంతా తప్పే. ఇంతోటిదానికి ఎయిర్‌ఫోర్సులో చేరాల్నా?”

“విమానంలో ఎత్తు చూపించే ముల్లుకు కూడా పాసంగముందమ్మా. గాలి బరువును బట్టి అది ఎత్తు చెబుతాది. గాలి బరువు దినానికొక రకంగా ఉంటాది. ఈ పొద్దు ఇంత అని కిందోళ్లు అంకె చెబుతారు. ఆ అంకెకు తిప్పుకొని బయలుదేరాల. తిప్పుకోకపోతే ముల్లు మూడువేల మూడొందలంటాది, విమానం మూడువేలల్లోనే ఉంటాది. మన కొండేమో మూడువేల డెబ్బైతొమ్మిది.”

గురవమ్మ చేతిలో తక్కెడ అట్లాగే ఆగింది. ఓబులమ్మ కూడా చేట పట్టుకొని వచ్చి నిలబడింది.

“అయితే గుద్దుకుంటాడు” అంది గురవమ్మ.

“గుద్దుకుంటాడు. ఒకడు అట్టనే పోయి...” ఓబులమ్మ వైపు చూసి సర్దుకున్నాడు. “పోయొచ్చినాడు. ఇంకొకడు కొండ ఎత్తు చెప్పినా వినకుండా మూడువేలే పెట్టినాడు.”

“పెట్టేదేంది?” అంది ఓబులమ్మ.

“ఆటోపైలటని ఒకటుంటాది. బండెద్దు లాంటిది. మనం తోలకపోయినా దానంతటది నడుస్తాది. కాకపోతే ఎంత ఎత్తులో ఆగాలో దానికి చెప్పాల. చిన్న కిటికీలో అంకె తిప్పి పెట్టాల. పెట్టి ఊరుకుంటే చాలదు, బొత్తాం నొక్కాల. మూడోవాడు ఐదువేలు పెట్టినాడు, నొక్కేది మరిచిపోయినాడు. ఎద్దుకు చెవిలో చెప్పినాననుకున్నాడు, చెప్పనే లేదు.”

“మరి నువ్వు? అన్నీ తెలిసినోడివి, నాలుగుసార్లు ఎట్ట?”

నరసయ్య సిగ్గుపడ్డాడు. “పెట్టెలో వాళ్లు పోయే దారిపటంమీద మన కొండ గీసి పెట్టింది నేనే. ఇన్ని దినాలు ఊరికి దూరంగా ఉండాను గదా, అదన్నా కళ్లముందు ఉంటాదని. ముగ్గురూ దానికే గుద్దుకుంటే ఆఫీసరు నవ్వి, నీ కొండ నువ్వే దాటి చూపించరా అన్నాడు. కూర్చున్నా. పాసంగం చూసుకున్నా. ఐదువేలు పెట్టినా. బొత్తాం నొక్కినా. కానీ ముక్కు కిందికుండాది. అంకె పైన, ముక్కు కింద. అంకె పెట్టినా గదా అని ధీమాగా కూర్చున్నా. అది దిగుతానే ఉండాది, నాలుగుసార్లూ అట్టనే.”

“అంకె చూసి ముల్లు చూసుకోలా” అంది గురవమ్మ. “తూకంరాయి వేసి ముల్లు చూసుకోనట్టు.”

“అంతే అమ్మా. అది నువ్వు చెప్పినంత సులువుగా మావాళ్లకు ఎక్కదు. వాళ్లు ఆ పెట్టెలో పది మార్లు తప్పు చేసినాక గాని నిజం విమానం ముట్టుకోనివ్వం. నేను పెట్టె సరిగ్గా పెట్టకపోతే వాళ్లు తప్పు నేర్చుకొని పైకి పోతారు. అప్పుడు నిజంగానే...”

గురవమ్మ తక్కెడ ఎత్తి చూసింది. ఎడమ సిబ్బి కొంచెం దిగింది. చింతగింజ ఒకటి తీసి కుడివైపు తాడుకు కట్టింది. ముల్లు నిలబడింది. తక్కెడ భుజాన వేసుకొని బస్టాండుకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రసూల్ వచ్చి చెప్పాడు. “మీ అమ్మ ఏమంటా ఉండాదో తెలుసునా? ‘గాల్లో పోయేవోళ్లు వందమంది ఉంటారు. వాళ్లందరికీ పాసంగం కట్టేది నా కొడుకొక్కడే’ అంటాంది. మళ్లీ మొదలైందిరా నాయనా!”

ఆ తర్వాత జాబుల తీరు మారింది. నరసయ్య ‘ఈ వారం ఇద్దరు కొండకు పోయొచ్చినారు’ అని రాసేవాడు. రెబెకమ్మ చుక్కల దగ్గర మాత్రమే ఆగి చదివేది. విమానం చప్పుడైతే ఓబులమ్మ పెరట్లోకి రావడం మానేసింది. అన్నం మాడడం తగ్గిందని గురవమ్మ కూడా ఒప్పుకుంది. తిరుపాలు కోసం పడిన దుఃఖం తీరలేదు, అది తీరేది కాదు. దానిమీద రోజూ కొత్త భయం వచ్చి చేరకపోవడమే ఆమెకు పెద్ద ఊరట. ఉన్న బరువును మోయవచ్చు. ఎప్పుడు పడుతుందో తెలియని బరువును మోయడమే కష్టం.

ఎనభైనాలుగులో నరసయ్య ఉద్యోగం ముగించుకొని శాశ్వతంగా వచ్చేశాడు. తర్వాత బస్టాండులో తల్లి పక్కనే రేడియోలు, తక్కెడలు బాగుచేసే కొట్టు పెట్టాడు. కానీ వచ్చిన రోజు సంగతి చెప్పాలి. ఈసారి పెరటిదారిన రాలేదు. బస్టాండులోనే దిగి, పెట్టె నెత్తిన పెట్టుకొని, వీధి మధ్యలోంచి నడిచి వచ్చాడు. గడపలో పెట్టె దించి, ఓబులమ్మ మొహంలోకి చూడకుండా నిలబడ్డాడు.

“ఏంది?” అంది ఓబులమ్మ.

“ఏం లేదు. చివరి దినం మా ఆఫీసరు ఊరుకోలేదు. ఇన్నేళ్లు పెట్టెలో ఉండావు, ఒకసారి రా అని... ఎక్కించినాడు.”

“ఏంది ఎక్కించింది?”

“విమానం. నిజం విమానం. ఒక్క చుట్టు.”

పెరట్లోంచి గురవమ్మ తక్కెడ పడేసి వస్తున్న చప్పుడు వినబడింది. “ఎక్కినాడా? ఎక్కినాడా వాడు?” అని బస్టాండుదాకా వినబడేలా అరుస్తోంది.

“ఎంత ఎత్తు?” అంది ఓబులమ్మ.

“మన కొండకంటే ఎక్కువే. ముల్లు నేనే చూసుకుంటా ఉండాను.”

ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. అతన్ని అరుగు మీద కూర్చోబెట్టింది. గుక్కెడు తాగించింది.

“ఇప్పుడు చెప్పు.”

“పోయొచ్చినాను” అన్నాడు నరసయ్య.

“ఇంకెప్పుడన్నా పోవాల్నా?”

“లేదు.”

“అయితే లెయ్యి, కాళ్లు కడుక్కో. అన్నం చల్లారిపోతాంది” అంది ఓబులమ్మ.